దేవదారు ముక్క

బాపు పోయిన మూడో రోజు, ఆయన పనిచేసిన ఎడారి దేశంలో, నజ్మా పేటలోని ఆయన గది తలుపు తీయగానే దేవదారు వాసన వచ్చింది.

నాకు ఆరేళ్ళప్పుడు అమ్మా, బాపూ, నేనూ ముగ్గురం ఇక్కడే ఉండేవాళ్ళం. వడ్రంగి పని చేసే బాపు ఓ విల్లా తలుపులు చేయగా మిగిలిన ముక్కను తెచ్చి కళ్ళకద్దుకున్నాడు.

"హిమాలయాల చెట్టు బిడ్డా. దీని అడవులల్లనే ఊటలు పుడతయట. గుళ్ళు గూడ దీంతోనే కడతరు. వెయ్యేండ్లు బతుకుతది."

ఇంకా బతికే ఉందనుకుని, కుండీలో నాటి రోజూ నీళ్ళు పోశాను. మరుసటి ఏడు అమ్మా నేనూ ఊరికి వెళ్ళిపోతూ ఆ పని బాపుకి అప్పగించాను.

ఫోన్లో అడిగితే, "డ్యూటీ దిగంగనే పోసిన," అనేవాడు.

కొన్నాళ్ళకు అడగడం మానేశాను. నన్ను మురిపించడానికే అలా అనేవాడనుకున్నాను.

కిటికీలో అదే కుండీ, అదే ముక్క. మట్టిని వేలితో తాకాను. ఇంకా తడిగానే ఉంది.