పిల్లలు తమకు తాము చెప్పుకునే కారణాలు

ఆమె చేతిలోంచి ఏదైనా జారడం ఆ రోజే మొదటిసారి చూశాను. బాతెల్ అనే ఊళ్లో మేం పనిచేసే ల్యాబ్‌లో నా పక్క బెంచీ ఆమెది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి పదేళ్లు దాటింది. నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఎంతో నిదానంగా పనిచేసే ఆ మనిషి, రెండు వారాలుగా పెంచుతున్న కణాల ప్లేటును చేజార్చింది. నేల తుడిచి, గ్లవ్స్ తీసి పారేసి బయటికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో కనబడింది. కార్ల వరసల మధ్య అటూ ఇటూ నడుస్తోంది. నేనూ పక్కన నడిచాను. ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. ఎవరో ఒకావిడ పంపిన మెసేజ్: "నేను నీ చెల్లెల్ని. అమ్మ బతికే ఉంది."

మూడేళ్లుగా రోజూ కలిసి భోంచేస్తున్నాం. నా డబ్బాలోని చేపల పులుసు ఒకసారి రుచి చూసి, వాళ్లూ చింతపండుతోనే పులుసు చేస్తారని సంబరపడింది. అప్పటినుంచి ఆమెకీ ఒక డబ్బా తెస్తున్నాను. అయినా ఆమెకు తల్లి ఉందో లేదో నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు. అడిగితే నా సంగతీ చెప్పాల్సి వస్తుందని కాబోలు.

నడుస్తూనే చెప్పింది. ఇంగ్లీషులో చెప్పినా నాకు తెలుగులోనే గుర్తుండిపోయింది.

ఐదేళ్లప్పుడు వాళ్లమ్మ ఆమెను చేయి పట్టుకుని నన్‌లు నడిపే ఒక అనాథాశ్రమానికి తీసుకెళ్లిందట. చంకలో ఏడాది నిండిన చెల్లెలు. గేటు దగ్గర కొత్త గౌను సర్ది, "ఆదివారం వస్తాను" అని చెప్పి, చెల్లెల్ని ఎత్తుకునే వెళ్లిపోయింది. ప్రతి ఆదివారం ఆ పిల్ల స్నానం చేసి, అదే గౌను వేసుకుని గేటు దగ్గర కూర్చునేది. గౌను పొట్టిదైపోయాక కూడా.

"అక్కడున్న పిల్లలందరికీ తలో కథా ఉండేది," అంది. "ఒకమ్మాయి వాళ్లమ్మ సౌదీలో పనిచేస్తోంది, పెద్ద పెట్టె నిండా చాక్లెట్లు తెస్తుంది. ఇంకొకమ్మాయి వాళ్ల నాన్న ఓడ కెప్టెన్. అవేవీ నిజం కాదని అందరికీ తెలుసు. కానీ ఎంత జుట్లు పట్టుకుని కొట్టుకున్నా, నీ కథ అబద్ధమని మాత్రం ఎవరం అనేవాళ్లం కాదు."

"నీ కథేమిటి?"

"నాకు కథ లేదు. కారణం ఉండేది. చెల్లి పాలు ఒకసారి దొంగతనంగా తాగేశాను. అందుకే వదిలేసిందనుకున్నాను."

"మీ అమ్మ మీద కోపం రాలేదా?"

"అమ్మ చెడ్డదైతే ఇక రాదు కదా! చెడ్డదాన్ని నేనైతే మారొచ్చు. మారితే వస్తుంది. అందుకే ఆ ఆశ్రమంలో నా అంత మంచి పిల్ల ఇంకొకతె లేదు. ఎవరూ చెప్పకుండానే గిన్నెలన్నీ తోమేసేదాన్ని."

ఆ మెసేజ్‌కు ఆమె జవాబివ్వలేదు. వారం పోయింది. రెండో వారమూ పోయింది. ఆమెకంటే నేనే ఎక్కువ కంగారుపడ్డాను. "జవాబు పెట్టావా?" అని పొద్దున్నే అడిగేదాన్ని. ఏ తల్లీ ఊరికే వదిలెయ్యదని, గత్యంతరం లేకే చేసి ఉంటుందని, పెద్దావిడను ఇంకా ఎదురుచూడనివ్వడం న్యాయం కాదని రోజుకో మాట చెప్పేదాన్ని.

చివరికి ఒకరోజు ఆమె చెంచా కింద పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావు?"

అప్పుడు చెప్పక తప్పలేదు. మా అమ్మాయికి తొమ్మిది నెలలప్పుడు నేను పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. మా ఆయన ఉద్యోగం వేరే రాష్ట్రంలో, ప్లేనోలో, నా యూనివర్సిటీ ఇక్కడ. సాయానికి వచ్చిన మా అమ్మకు ఇక్కడ ఉండే గడువు అయిపోయింది. వెళ్తూ పాపను విజయవాడ తీసుకెళ్లింది. ఆర్నెల్లు అనుకున్నాం. అది రెండేళ్ల మూడు నెలలైంది. థీసిస్, తర్వాత ఉద్యోగం, తర్వాత వీసా. మళ్లీ ఎయిర్‌పోర్ట్‌లో కలిసినప్పుడు పాప నన్ను చూసి, నేర్పినట్టుగా చేతులు జోడించి, "నమస్తే ఆంటీ" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె నన్ను ఓదార్చలేదు. "మీ అమ్మాయి ఏమనుకుంటోంది?" అని మాత్రం అడిగింది.

"పసిపిల్ల. దానికేం గుర్తుంటుంది?"

"అడిగావా?"

అడగలేదు. ఆ వారమంతా ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాను. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెట్టాను. అమ్మాయి గది దాకా వెళ్లి, ఏదో పనున్నట్టు వెనక్కి వచ్చేదాన్ని. పదహారేళ్ల పిల్ల హోంవర్క్ మీద నుంచి తలెత్తి, "వాట్, అమ్మా?" అంటే, "ఏం లేదు, జ్యూస్ తాగుతావా?" అనేదాన్ని.

శనివారం మధ్యాహ్నం ఆమెను భోజనానికి పిలిచాను. మా ఆయన ఊళ్లో లేడు, ముగ్గురమే ఉన్నాం. ఆమె మాలాగే చేత్తో అన్నం కలుపుకుని తినడం చూసి మా అమ్మాయి ముచ్చటపడింది. మాటల్లో ఆమె ఊరు, ఆ ఆశ్రమం వచ్చాయి. మొహమాటం లేకుండా అడిగే వయసు. "ఎందుకు వదిలేశారనుకునేవారు, ఆంటీ?" అంది. ఆమె చెల్లి పాల సంగతి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది.

మా అమ్మాయి నవ్వలేదు. కంచంలో వేలితో గీస్తూ, నా వైపు చూడకుండా, ఆమెకూ అర్థమయ్యేలా సగం ఇంగ్లీషులో అంది:

"నేను టూ మచ్ ఏడ్చాను అనుకున్నా."

"ఏమిటీ?"

"అమ్మమ్మ చెప్పేది కదా. బేబీ అప్పుడు నేను నైట్స్ అన్నీ ఏడ్చేదాన్ని, నువ్వు స్టడీ చేయలేకపోయేదానివి అని. సో, నన్ను రిటర్న్ చేశావనుకున్నా. స్టోర్‌లో చేస్తారే, అలా."

మా అమ్మాయి ఏడవదని మా స్నేహితులందరికీ తెలుసు. సైకిల్ మీద నుంచి పడి చెయ్యి విరిగినా ఏడవలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని అందరూ మెచ్చుకుంటుంటే నేను పొంగిపోయేదాన్ని. ఇప్పుడు చేతిలోని ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాను. ఏదో చెప్పబోయాను. ఆమె బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. "ఎన్నేళ్ల దాకా అలా అనుకున్నావు?" అని మా అమ్మాయినే అడిగింది.

"ఐ డోంట్ నో, ఆంటీ," అంది. "ఇప్పటికీ కొంచెం."

మరుసటి వారం ఆమె చెల్లెలికి జవాబు పెట్టింది. వీడియో కాల్ చేస్తూ తోడుగా కూర్చోమంది. సాయంత్రం అందరూ వెళ్లాక ఖాళీ మీటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. వాళ్ల భాష నాకు రాదు. తెరమీద ఒక సన్నటి ముసలావిడ గబుక్కున లేచి, మళ్లీ కూర్చుని, మాటిమాటికీ మొహం తుడుచుకోవడం మాత్రం చూశాను. పక్కన చెల్లెలు. మొహం అచ్చం ఈమెదే, కాకపోతే ఎండకు కమిలింది.

కాల్ అయ్యాక ఈమె కుర్చీలోంచి లేచి గదంతా తిరిగింది.

"అమ్మ ఒక ఆదివారం వచ్చిందట," అంది. "రోడ్డుకు అవతల నిలబడి చూసిందట. నా బుగ్గలు నిండి ఉన్నాయట, గౌను శుభ్రంగా ఉందట. దగ్గరికొస్తే వదిలి వెళ్లలేనని అట్నుంచటే వెళ్లిపోయిందట. నేను ఆ రోడ్డు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. నాకెందుకు కనబడలేదు?" గోడను అరచేత్తో చరిచింది. "ఇప్పుడొస్తోంది కోపం. ఇన్నేళ్లకు!"

తిరిగి కుర్చీలో కూర్చుని అంది. "చెల్లికి నేనంటే కుళ్లట. తనకు ఎనిమిదేళ్లప్పటి నుంచి చేపల మార్కెట్లో పని చేసిందట. అక్క నన్‌ల దగ్గర చదువుకుంటోందని అమ్మ రోజూ చెప్పేదట. అమ్మ అక్కనే ఎంచుకుంది, నన్ను కాదు అనుకుంటూ పెరిగిందట." నవ్వబోయి ఏడ్చింది.

వేసవిలో మూడు వారాలు సెలవు పెట్టి వెళ్లొచ్చింది. తల్లితో ఎక్కువ మాట్లాడలేకపోయానంది. చెల్లెలితో మాత్రం మాటలు ఆగలేదట. ఇద్దరూ వెళ్లి ఆ ఆశ్రమం చూసొచ్చారట.

ఆమె అక్కడ ఉన్నప్పుడే మా అమ్మాయికి డ్రైవింగ్ నేర్చుకోవడానికి పర్మిట్ వచ్చింది. నేను పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును తొక్కుతూ ఉండేదాన్ని. ఒకరోజు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే అడిగింది:

"ఎయిర్‌పోర్ట్‌లో నేను ఏడ్చానా, అమ్మమ్మతో వెళ్లేటప్పుడు?"

"లేదు. నిద్రపోతున్నావు. నువ్వు పడుకునే వేళకే ఫ్లైట్ చూసి బుక్ చేశాను. నువ్వు ఏడిస్తే పంపలేనని."

"అంటే నువ్వు పంపాలని డిసైడ్ అయ్యావు."

"అవును. పంపకుండా ఉండే దారి కూడా ఉండింది. ఒక ఏడాది చదువు ఆపి ఉండొచ్చు. ఆపలేదు. నువ్వు ఏడ్చినందుకు కాదు."

లేన్ మారేముందు భుజం మీదుగా వెనక్కి చూసుకుంది, నేర్పినట్టే. "ఓకే," అంది తర్వాత. "నాకు నీ మీద కొంచెం కోపం ఉంది. ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు," అన్నాను.

అది విని నా వైపు తిరగబోయింది. "రోడ్డు చూడు," అన్నాను గట్టిగా.