యాదగిరి గీసిన నాలుగు గళ్లు

నిన్న పొద్దున తార్నాక నుంచి ఫోన్. యాదగిరి తమ్ముడు. "అన్న లేడు సార్."

ఏ అన్న అని అడిగాను. రెండోసారి చెప్పించుకున్నాను.

గుండెపోటు. నలభై ఆరేళ్లు.

తెలియనివాళ్ల కోసం: యాదగిరి యూనివర్సిటీ క్యాంపస్‌లో పదమూడేళ్లు ఎకనామిక్స్ చెప్పాడు. కాంట్రాక్ట్ మీద. గేమ్ థియరీ అతని పేపర్: ఎదుటివాళ్లు ఏం చేస్తారో లెక్కేసి మనం ఏం చేయాలో తేల్చే సబ్జెక్టు.

రెండేళ్ల కిందట ఆ డిపార్ట్‌మెంట్‌లో తొమ్మిది మంది కాంట్రాక్ట్ లెక్చరర్లకు ఒక కాగితం ఇచ్చారు. పర్మనెంట్ చేయమని ఇక అడగబోమని సంతకం పెడితేనే రెన్యువల్. ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తామన్నారు.

ముందురోజు ఖాళీ క్లాస్‌రూమ్‌లో మీటింగ్. విలేకరిని కాబట్టి వార్త కోసం నేనూ వెళ్లాను.

యాదగిరి బోర్డు మీద నాలుగు గళ్లు గీశాడు: నువ్వు పెడితే, పెట్టకపోతే; మిగతావాళ్లు పెడితే, పెట్టకపోతే.

"అందరు సంతకం పెడితే, పెట్టనోడు రోడ్డు మీద. అందరం ఆగితే వాళ్లే దిగొస్తరు. కాని అప్పుడు గూడ చాటుగ పెట్టినోడు పెద్దసార్లకు ఇంకింత దగ్గరైతడు. ఎట్ల చూసినా పెట్టుడే లాభం. గదే డామినెంట్ స్ట్రాటజీ. అందరు గట్లనే పెడితే అందరం మునుగుతం. మునిగినంక ఒక్కడే బయటికి రాలేడు. గదే ఈక్విలిబ్రియం. అందుకే కలిసుందాం."

వెనక బెంచీ నుంచి ఒకాయన అన్నాడు: "మస్తు చెప్పినవ్ యాదన్నా. మంచిగ సమజైంది."

అందరూ నవ్వారు. యాదగిరి కూడా.

మర్నాడు పొద్దున పదకొండింటిలోపు ఎనిమిది సంతకాలు పడ్డాయి.

కలిసుండమని చెప్పబోయి, విడిపోతే ఎవరికేం లాభమో చూపించాడు. విన్నవాళ్లందరూ ఎకనామిక్స్ వాళ్లే. లెక్కలో తప్పు దొరకలేదు.

ఎనిమిది మందీ వార్తలో పేరు వద్దన్నారు. సంతకం పెట్టని యాదగిరిని అడిగాను.

"రాయన్నా. ఒక్క పేరన్న లేకపోతే అది వార్త ఎట్లయితది?"

రాశాను. రెన్యువల్ లిస్టులో అతని పేరు రాలేదు.

తర్వాత అడిక్‌మెట్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాడు. ఈ ఏడాది ఆ ఎనిమిది మందిలో ముగ్గురిని తీసేశారు. వాళ్లకు క్లాసులు ఇప్పించమని యాదగిరే సెంటర్ ఓనర్ చుట్టూ తిరిగాడు.

కోపం రాలేదా అంటే, "వాళ్లకు గూడ పిల్లలున్నరు కదన్నా" అన్నాడు.

నిన్న ఆ ముగ్గురూ యాదగిరి ఇంటికి వచ్చారు. లోపలికి రాలేక గేటు బయటే నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు.

"యాదన్న సోమవారం నుంచి క్లాసులకు రమ్మన్నడు సార్. ఓనర్‌తోని నేను మాట్లాడిన అన్నడు. ఇప్పుడు ఎవర్ని అడగాలె?"



ఇక విశ్రాంతి తీసుకో యాదగిరీ. నీకూ నీ ఇంట్లోవాళ్లకూ మనశ్శాంతి దొరకాలి.