దేవసహాయం మేస్త్రి కడిగిన కాళ్ళు

రాయకూడదనే అనుకున్నాను.

నాకు ఈ పోస్టులంటే పడదు. పోయినవాడు చూడడు. ఉన్నవాళ్ళు ఒక దండం బొమ్మ పెట్టి కిందికి జరిగిపోతారు.

కానీ నిన్నటినుంచి ఏ పనిలోనూ చెయ్యి నిలవడం లేదు.

నిన్న పొద్దున్న టీ కొట్టు తెరుస్తుంటే, ఎదురింటి మేస్త్రి పెద్దకూతురు మార్త రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చింది.

“బాబాయ్, బేగి రా. నాన్న పలకట్లేదు.”

వెళ్ళాను. మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కాదు.

తొంభై దాటిన మనిషి పోతే షాక్ ఏమిటంటారా? నేనూ అలాగే అనుకునేవాడిని. తీరా పోయేసరికి కాళ్ళ కింద భూమి కదిలిపోయింది.

తెలియనివాళ్ళకి చెబుతాను. దేవసహాయం పాలమూరు మనిషి, వడ్రంగి. కిరండూల్ రైలు లైను వేస్తున్నప్పుడు సొరంగాలకి దన్నుగా పెట్టే దుంగలు కోయడానికి వచ్చాడు. లైను పూర్తయింది, అందరూ పోయారు. ఈయన మాత్రం భార్య రూతమ్మతో, ఇద్దరు ఆడపిల్లలతో అరకులోనే ఉండిపోయాడు. ఇక్కడి వానలకి ఎవరి తలుపైనా ఉబ్బి బిగుసుకుపోవాల్సిందే. మేస్త్రి చేసిన తలుపు బిగుసుకోదు. మా ఇంటి తలుపు ఇప్పటికీ చిటికెన వేలితో తెరుచుకుంటుంది. ఆ తలుపు కథ వేరే ఉందిగానీ, ఇప్పుడు చెప్పే ఓపిక లేదు.

వాళ్ళది మెన్నొనైట్ చర్చి. ఒట్టు వెయ్యరు. కొట్టినా తిరిగి కొట్టరు. ప్రభువు బల్ల ఆరాధనలో, యేసు తన శిష్యులకి చేసినట్టు, ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారు. లోయలో వాళ్ళ చర్చి లేదు కాబట్టి పని షెడ్డులోనే ఒక పక్క బల్లలు వేసి ప్రార్థన పెట్టేవాడు.

డెబ్బైల్లో ఒక సంత రోజు. కలప లారీ వెనక్కి వస్తోంది. మేస్త్రి చిన్న కూతురు చిట్టి దాని వెనక ఉంది.

అంతకంటే రాయలేను.

డ్రైవరు సూరి, కింద మైదానం కుర్రాడు. పారిపోలేదు, లారీ దిగి అక్కడే నిలబడిపోయాడు. జనం మీదపడ్డారు. మేస్త్రి తల నిండా రంపప్పొట్టుతో వచ్చి, వాణ్ణి షెడ్డులోకి లాగి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“కొట్టాల్నంటే ముందు నన్ను కొట్టుండ్రి.”

ఎవడు కొడతాడు? పోలీసులొచ్చి తీసుకుపోయారు.

కొన్నాళ్ళకి సూరి బెయిల్ మీద బయటికొచ్చాడు. గుడ్ ఫ్రైడేకి మేస్త్రి వాణ్ణి ప్రార్థనకి పిలిచాడు. ఆ రోజు కూడా సంతే. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి.

సూరిని బల్ల మీద కూర్చోబెట్టాడు. వాడి కాళ్ళ కింద ఇత్తడి పళ్ళెం పెట్టాడు. తను కింద కూర్చున్నాడు.

“రూతమ్మా, నీళ్ళు పొయ్యి.”

మన పెళ్ళిళ్ళలో పిల్ల తల్లి నీళ్ళు పోస్తుంటే తండ్రి పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతాడు కదా. సంత జనానికి తెలిసిన కాళ్ళు కడగడం అదొక్కటే.

“ఓలమ్మో! ఓ గుంటని సంపినోడికి ఇంకో గుంటనిచ్చేత్తన్నాడే!” అని, పెద్దపిల్ల మార్తని వాడికి కట్టబెడుతున్నాడనుకుని, పసుపమ్మే ముసలమ్మ గుండెలు బాదుకుంది.

ఎవడో వెనకనుంచి, “బోయనాలెప్పుడేటి?” అన్నాడు. నవ్వారు కూడా.

పాపం మార్త. ఆ నవ్వులకి చాలాకాలం సంతలోకి రాలేదు.

రూతమ్మ వదిన చెంబు పట్టుకుని కాసేపు నిలబడింది. నీళ్ళు నేలమీద పారబోసి బయటికి వెళ్ళిపోయింది. మేస్త్రే లేచి నీళ్ళు తెచ్చుకుని, ఒక చేత్తో పోసుకుంటూ ఇంకో చేత్తో కడిగాడు. సూరి ఏడుస్తూనే ఉన్నాడు.

నేను ఆగలేకపోయాను. వాడు వెళ్ళాక అడిగేశాను. “మతిగానీ పోనాదేటి మేస్త్రీ? ఆడి కాళ్ళు నువ్వు కడగడమేటి?”

“వాణ్ణి చంపాల్నని ఉంది తమ్మీ. రోజూ ఉంది. దినమంతా చేతుల ఉలి ఉంటది. గీ చేతులు వాని కాళ్ళ మీద పెట్టకపోతే, యాడ పడ్తయో నాకే తెల్వదు.”

ఆ తర్వాత కూడా, రోడ్డుమీద లారీ వెనక్కి వస్తున్న చప్పుడైతే చాలు, ఆయన చిత్రిక పక్కన పెట్టేసేవాడు. లారీ వెళ్ళిపోయేదాకా అలా నిలబడేవాడు.

వదిన మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. మొగుడికి వండింది, జ్వరమొస్తే కూర్చుని చూసుకుంది, ఆయనతో నవ్వింది కూడా. ప్రార్థనకి మాత్రం లోపలికి వెళ్ళలేదు. ప్రతి ఆదివారం బయట అరుగుమీద కూర్చుని బియ్యం ఏరుకునేది. ఆవిడకి వినపడాలని ఆయన గొంతు పెంచేవాడు. ఆవిడ చేటతో ఇంకా గట్టిగా చెరిగేది.

ఇన్నేళ్ళూ అంతే.

మొన్న మేస్త్రి నా కొట్టులో కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు.

“నీళ్ళు పొయ్యమని ఆమెను అడగొద్దుండె. నా బరువు నేనే మొయ్యాల్సింది. దేవుణ్ణి మాఫీ అడిగిన. రూతమ్మను అడిగేతందుకే ధైర్యం చాలట్లే.”

“అడిగీ మేస్త్రీ. ఇంకెప్పుడడగతావు, నూరేళ్ళొచ్చాకా?”

నవ్వాడు. “ఆదివారం అడుగుత తమ్మీ.”

ఇంకా ఆదివారం రాలేదు.

నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వస్తోంది. ఎవరిమీదో తెలియడం లేదు. ఊరంతటికీ తలుపులు చేసిన మనిషి, ఇంట్లో ఆ ఒక్క మాట అడగలేక పోయాడు.

వెళ్ళిరా మేస్త్రీ. నీ చేతులకి ఇక పని లేదు. చిట్టి దగ్గర నెమ్మదిగా ఉండు.

ఇందాక షెడ్డులో ప్రార్థన అయింది. రూతమ్మ వదిన గుమ్మం బయటే కూర్చుంది. పెట్టె బయటికి తెస్తుంటే లేచి పక్కకి జరిగి దారి ఇచ్చింది. అందరూ పెట్టె వెంట రోడ్డెక్కారు. ఆవిడ షెడ్డు గడప దాటి లోపలికెళ్ళి, లైటు ఆపి, బయటికొచ్చింది.