నాకు కలపని వరస

నాకు కుళ్ళు ఎక్కువ. ఇంట్లో అందరికీ తెలుసు, ఆఫీసులో మాత్రం దాచుకుంటూ వచ్చాను. ఎవరైనా నాకంటే నలుగురిలో మంచిపేరు తెచ్చుకుంటే పైకి నవ్వుతాను, లోపల కడుపు రగిలిపోతుంది. మా ఫీల్డ్ సూపర్‌వైజర్ మీద అలా రగిలిపోయి నేనొక పని చేశాను.

మాది భద్రాచలంలో చిన్న ఆఫీసు. చర్ల అవతలి అడవి ఊళ్ళలో వైద్యం చూసే సంస్థ. నర్సులు ఆ ఊళ్ళలోనే కిరాయికి గది తీసుకుని ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళు నిలిచేవాళ్ళు కాదు. నెల తిరక్కుండానే ఇంటికి పోయొస్తామని వెళ్ళి ఫోన్ కట్టేసేవాళ్ళు. ఒకరోజు మా మేడం నన్ను పిలిచి, "పాపం వాళ్ళకు ఇక్కడ మాట్లాడే మనిషి లేక పోతున్నారు. కొత్తవాళ్ళు మనతో కలిసేటట్టు ఒక యాప్ తయారుచేయండి" అన్నారు. ఆఫీసులో కంప్యూటర్ పనంతా నాది. పదకొండేళ్ళ సర్వీసు. ఇన్నాళ్ళకు నన్ను కూడా తలచుకునే పని దొరికిందని సంబరపడిపోయాను.

నిజానికి ఆ పని అప్పటికే ఒక మనిషి చేస్తోంది. ఆమే మా సూపర్‌వైజర్. దుమ్ముగూడెం పక్కన కోయగూడెం వాళ్ళది. నా తర్వాత ఐదేళ్ళకు చేరింది. కొత్తవాళ్ళు గుమ్మంలో కాలు పెట్టడం ఆలస్యం, ఊరేది, ఇంటిపేరేది అని అడిగి వరస కలిపేసేది. డ్రైవర్‌కి ఆమె అత్త. అకౌంటెంట్‌కి వదిన. పొద్దున్నే "ఏంది మరిదీ, ఇయ్యాల మొఖం కడగలేదా?" అని ఆమె ఆటపట్టిస్తే, ఎవరితోనూ నవ్వని ఆ అకౌంటెంట్ మెలికలు తిరిగిపోయేవాడు.

నేను యాప్ మొదలుపెట్టిన వారంలోనే మధిర అవతలి నుంచి ఒక నర్సు చేరింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. మా సూపర్‌వైజర్ వచ్చి పక్కనే కూలబడింది.

"ఏ ఊరు పిల్లా?"

"మధిర దగ్గరండి."

"మధిరనా! మా అక్క బిడ్డ ఆడనే నర్సు ట్రైనింగ్ చేసింది. గట్లైతే నువ్వు కూడ నాకు బిడ్డవే. చిన్నమ్మ అను. అన్నం తిన్నవా?"

ఆ పిల్ల ఫక్కున నవ్వింది. ఇదేం లెక్కండీ? ఎవరో మధిరలో చదివితే ఈమె చిన్నమ్మ ఎలా అవుతుంది? మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే డబ్బాలో తింటున్నారు. నేను ఎదురు బల్ల మీద కూర్చుని పెరుగన్నం కలుపుకుంటూ మనసులో ఏడ్చాను. ఆరేళ్ళుగా ఆమె నన్ను పిలిచేది ఒక్కటే పిలుపు: సార్. మా తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడులో స్థిరపడ్డవాళ్ళం, పొలాలున్నాయి, పెద్దవాళ్ళమని గౌరవమేమో అనుకుని సర్దిచెప్పుకునేవాణ్ణి. గౌరవం ఎవడికి కావాలి? నన్ను కూడా ఒక్కసారి మొఖం కడగలేదా అని అడగొచ్చుగా.

యాప్‌కి 'సోపతి' అని, స్నేహానికి ఇక్కడివాళ్ళు వాడే మాటే పేరు పెట్టాను. ఇష్టమైన కూర, ఇష్టమైన ఆట, పుట్టినరోజు, ఇలా అందరి వివరాలూ అందులో ఉంటాయి. కొత్తవాళ్ళకు తలా ఒక పాత ఉద్యోగి జోడీ. ఏదైనా ఉంటే 'మాట్లాడాలి' అనే బటన్ నొక్కితే జోడీకి కబురు వెళ్తుంది. జోడీలు కుదర్చడానికి ఒక ప్రశ్న పెట్టాను: కష్టమొస్తే ఆఫీసులో మొదట ఎవరికి ఫోన్ చేస్తారు? ఆమెను వదిలేస్తే మొత్తం పన్నెండు మందిమి. పదకొండు జవాబులు వచ్చాయి. పదకొండూ ఆమె పేరే. మేడం కూడా ఆమె పేరే రాశారు! నింపని జవాబు నాది. ఎవరి పేరు రాయాలో నాకూ తెలుసు, చచ్చినా రాయదలచుకోలేదు.

ఆ సాయంత్రమే యాప్‌లో ఒక నిబంధన చేర్చాను. ఏ పాత ఉద్యోగికీ ఇద్దరికి మించి కొత్తవాళ్ళు జోడీగా ఉండరాదు. ఆమె కింద ఇద్దరు అప్పటికే ఉన్నారు. మధిర పిల్ల నా వాటాకు వచ్చింది. వచ్చింది ఏమిటిలెండి, వచ్చేటట్టు చేసుకున్నాను. మీటింగ్‌లో మాత్రం, "మేడంగారూ, అన్నీ ఆమె నెత్తినే వేస్తే ఎలా? భారం తగ్గిద్దాం" అన్నాను. ఆమె నా వైపు తిరిగి, "మంచిగ చేసిన్రు సార్. పిల్లను జర చూసుకోండి, ఒక్కతే తినాలంటే దానికి ముద్ద దిగదు" అంది. నాకు చెప్పొచ్చింది అని ఒళ్ళు మండింది.

పిల్లను చర్ల అవతలి ఊరికి పంపారు. అక్కడ బడి గోడ మూలన నిలబడితే తప్ప సిగ్నల్ అందదు. మూడో ఆదివారం మధ్యాహ్నం నేను కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఫోన్ మోగింది. ఆ పిల్ల బటన్ నొక్కింది! చెయ్యి తుడుచుకోకుండానే తీశాను. పదకొండేళ్ళలో ఒక మనిషి కష్టమని నన్ను తలచుకోవడం అదే మొదలు. ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. నేను తయారుచేసింది ఎలా పనిచేస్తుందో చూడాలని ఆత్రం. యాప్ తన ప్రశ్న తాను అడిగింది: మీ సమస్య దేనికి సంబంధించినది? వసతి, ప్రయాణం, జీతం, ఇతరములు. ఆ పిల్ల 'ఇతరములు' నొక్కింది. వివరంగా రాయండి అని నేను టైపు చేశాను. ఎండలో చాలాసేపు చూశాను. చివరికి జవాబు వచ్చింది.

"ఏం లేదు సార్."

ఏం లేదంటే లేదే అనుకున్నాను. 'పరిష్కారమైంది' నొక్కితే పచ్చ గుర్తు పడింది. ఆ పచ్చ గుర్తు మా ఆవిడకు కూడా చూపించాను.

ఆ వారం సూపర్‌వైజర్ నాలుగు రోజులు కనిపించలేదు. తర్వాత ఆమె రాసిన సెలవు చీటీ, కంప్యూటర్‌లో ఎక్కించమని నా బల్ల మీదికి వచ్చింది. కారణం దగ్గర, 'నా బిడ్డ కాడికి పోయిన' అని ఉంది. ఆమెకు ఇద్దరూ మగపిల్లలే. డ్రైవర్‌ని పిలిచి అడిగాను.

"మీకు తెల్వదా సార్? మధిర పిల్ల ఐతారం బ్యాగు సర్దుకొని చర్ల బస్టాండ్ల కూసుందట. ఇంటికి పోతనని ఒకటే ఏడుపు. అత్తకు ఫోన్ చేసింది. అత్త జల్దీ బస్సెక్కి పోయి, మల్ల ఊరికి తోల్కపోయింది. నాలుగు దినాలు దాని రూంలనే ఉండి, చుట్టుపక్కల నాలుగిండ్లల్ల వరసలు కలిపి వచ్చింది. ఇప్పుడు పిల్ల మంచిగనే ఉంది."

ఐతారమంటే, నేను పచ్చ గుర్తు నొక్కిన ఆ ఆదివారమే. అమ్మయ్య అనుకోవాలి కదా మనిషన్నవాడు! నేను అనుకోలేదు. ఆ పిల్ల వెళ్ళిపోయి ఉంటేనే బాగుండేది అనిపించింది. ఉండిపోతే నా యాప్ వల్ల ఉండాలి, ఆమె వల్ల ఉండడం దేనికి? ఇంత నీచపు ఆలోచన వచ్చిందని ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

నెలాఖరు మీటింగ్‌లో మేడం గోడ మీద యాప్ లెక్కలు వేసి చూపించారు. ఈసారి కొత్తవాళ్ళు ఒక్కరూ మానలేదు. మధిర నర్సు పేరు, పక్కన జోడీగా నా పేరు, పచ్చ గుర్తు. "ఈ పిల్ల నిలబడిందంటే మన సార్ చలవే" అన్నారు మేడం. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా సూపర్‌వైజరే. అసలు సంగతి నాకు తెలుసని ఆమెకు తెలుసో లేదో, ముఖం చూస్తే అర్థం కాలేదు. నేను లేచి నిలబడి థాంక్స్ చెప్పాను. చెప్పి, కూర్చున్నాను.

మీటింగ్ అయ్యాక వరండాలో ఆమె చెప్పులు వేసుకుంటుంటే వెనకాలే వెళ్ళాను. క్షమించమని అడగాలనే వెళ్ళాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"ఊళ్ళో వాళ్ళందరికీ వరస కలుపుతారు. ఆరేళ్ళ నుంచి పక్క బల్ల మీద ఉన్నాను. నన్నొక్కసారైనా అడిగారా? నేనేం పాపం చేశాను?"

ఆమె ఆశ్చర్యపోయింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వులో కోపం ఉంటే బాగుండేది.

"మీరు ముందుగాల చేరినోళ్ళు. అడిగేది మీరు గద సార్. నేనొచ్చిన దినం గీ వరండాలనే కూసున్న. ఆఫీసుల మీరొక్కరే ఉన్నరు. పొద్దుగాల నుంచి సాయంత్రం దాంక నా ముందట్నుంచి నాలుగుసార్లు పోయిన్రు. పోయినప్పుడల్ల, ఇప్పుడు ఊరడుగుతరని లేచి నిలబడ్డ. నాలుగుసార్లు లేచిన సార్. గా దినమే అనుకున్న, ఇంక ఈడికి కొత్తగ ఎవరొచ్చినా గట్ల లేచి నిలబడనీయొద్దని."

నాకు ఆ రోజు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. ఆమె ఊరు, ఇంటిపేరు నాకు తెలుసు, చేరినప్పటి కాగితాలు చూసి టైపు చేసింది నేనే. అయినా ఇప్పుడైనా ఏ ఊరని అడగొచ్చు. ఆమె కూడా చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, కాసేపు అలాగే ఆగింది. నేను నోరు తెరిచాను.

"బస్సుకి టైమైనట్టుంది" అన్నాను.

"అవ్ సార్" అంది.