జపాను చీపురు

పిల్లలకు విలువలు ఏ దేశంలో ఎలా నేర్పుతారో చెప్పడానికి అనంతపురంలో మాకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఫిన్లాండులో పిల్లలు కొట్లాడుకుంటే కూర్చోబెట్టి వాళ్ల చేతే మాట్లాడిస్తారట. ఇంగ్లండులో మంచితనానికి సర్టిఫికెట్టు ఇస్తారట. జపానులోనైతే పిల్లలు తమ గది తామే ఊడ్చుకుంటారట. తెర మీద ఆ బుడతలు నేల తుడుస్తుంటే టీచర్లమంతా "అబ్బబ్బా!" అనుకున్నాం. మనమేమో నీతిపద్యాలు బట్టీ పట్టించి మార్కులు వేస్తాం.

కుందుర్పి దగ్గర మా బడికి తిరిగొచ్చేసరికి నేను సగం జపానుదాన్నైపోయాను. సోమవారం మూడో తరగతిలో ఉపన్యాసం దంచి, "ఎవరు ఊడుస్తారు?" అని అడిగాను. బలవంతం చేయకూడదు కదా, విలువలాయె! అందరూ తలలు దించుకున్నారు. "మా అవ్వ తిడతాది మేడమ్" అన్నాడొకడు. ఒక పాప మాత్రం లేచొచ్చి చీపురు అందుకుంది. ఎంత చక్కగా ఊడ్చిందో! మంగళవారం కూడా ఆ పాపే, బుధవారం కూడా. మురిసిపోయి ఫోటో తీసి మా టీచర్ల గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి.

గురువారం పొద్దున్నే కూలిపని మానుకుని వాళ్లమ్మ వచ్చింది.

"ఏం టీచరమ్మా, మా పాప చేతికే చీపురు ఎందుకిచ్చినావు?"

"నేనివ్వలేదమ్మా, తనే తీసుకుంది. జపానులో పిల్లలందరూ..."

"నేనూ ఈ బడిలోనే సదివినా. మా ఎస్సీ కాలనీ పిల్లోళ్ల చేతనే ఊడ్పిస్తాండ్రి. మిగిలినోళ్లు బయట నిలబడి సూస్తాండ్రి. అప్పుడు దానికి జపాను అని పేరు ల్యాకుండె, అంతే."

లేచొచ్చిన పాపను చూసి మురిసిపోయానే గాని, మిగిలినవాళ్లు ఎందుకు లేవలేదో అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"రేపటి నుంచి అందరికీ వంతులు వేస్తానమ్మా" అన్నాను.

"రేపటి సంగతి సరే. ఈ పొద్దు?"

చీపురు నేనే తీసుకున్నాను. ఇన్నేళ్ల సర్వీసులో అదే మొదటిసారి. దుమ్ము నా మొహానికే ఎగిరింది. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. నా అవస్థ చూడలేక ఆ పాప లేచి వచ్చి, "అట్ల గాదు మేడమ్, నాకియ్యి" అని చెయ్యి చాపింది.

గడపలో నిలబడ్డ తల్లి కదల్లేదు.

"నువ్వు కూసో పాపా. మేడమ్ నేర్సుకుంటాండాది."