నాకు రాని జబ్బు

నాకు ఏ జబ్బూ లేదు. ఈ ముక్క మొట్టమొదటే రాసి పడేస్తున్నాను. ఎందుకంటే హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో మా గల్లీ గల్లీ అంతా నాకేదో పెద్ద జబ్బు చేసిందనే ఇప్పటికీ నమ్ముతోంది. నాకు బీపీ లేదు, షుగర్ లేదు. కోపం ఒక్కటే ఉంది. అది పుట్టుకతో వచ్చిందనీ దానికి మందు లేదనీ మా అమ్మే చెప్పేది.

ఆ జబ్బును నాకు అంటగట్టింది శత్రువులెవరో అయితే ఇంత మంట ఉండేది కాదు. నా ప్రాణ స్నేహితురాలే ఆ పని చేసింది. మా నాన్న ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు తీసుకున్నాడు. ఆమెది మా వెనక గల్లీ. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే బెంచీ. నేను బ్యాంకులో చేరాను, పెళ్ళి జోలికి పోలేదు. ఆమె బస్సు డిపోలో పనిచేసే మెకానిక్కును చేసుకుంది. ఆ ఇల్లు కూడా మా పేటలోనే కావడంతో మా స్నేహానికి దూరం రాలేదు. నా ఒంటి సంగతులు మా అమ్మకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. అందుకే కాబోలు, వాటిని తన సొంత సామానులా వాడుకుంది.

బడిలో సాంఘికశాస్త్రం పుస్తకంలో దేశపటం ఉండేది. కుడి చేతివైపు నీలంలో ఆవాలు చల్లినట్టు చుక్కలుండేవి. ఆమె వాటి మీద వేలు పెట్టి "పెద్దగైనంక ఈడికి పోదామే, మనమిద్దరమే" అనేది. ఆ ‘ఇద్దరమే’ అన్నది గట్టి షరతు. ఆమెకు పెళ్ళయింది, పిల్లలయ్యారు, ఆ పిల్లలకూ పెళ్ళిళ్ళయ్యాయి. షరతు మాత్రం అలాగే ఉండిపోయింది. ఏటా నేను అడగడం, ఆమె "ఈ ఏడు గాదే" అనడం. పత్తర్‌గట్టిలో గాజులు కొనుక్కోవడానికి కూడా వెంట ఎవరో ఒకరు లేనిదే కదలనివ్వని ఇల్లు అది. అండమాన్‌కు ఎలా పంపుతుంది?

అటువంటిది కిందటి చలికాలంలో ఆమె మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "టికెట్లు తియ్యే. ఇంట్ల ఒప్పుకున్నరు" అంది.

"ఎట్ల ఒప్పిచ్చినవ్?"

"అడిగిన. ఒప్పుకున్నరు."

అడిగితే ఒప్పుకునే మనుషులైతే ఇన్నేళ్ళు ఎందుకు ఆగుతుంది? ఆ ప్రశ్న అప్పుడు నాకు తట్టలేదు. సంతోషంలో మనిషికి మెదడు పనిచేయదు. నాకు అసలే చేయలేదు.

బయల్దేరే రోజు పొద్దున, మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ వచ్చింది. మా గల్లీలో ఎవరు దూరం పోతున్నా, ఏ మతం వాళ్ళైనా సరే, ఆవిడ ఒక గుడ్డ ముక్కలో రూపాయి బిళ్ళ చుట్టి కుడి చేతికి ఇమామ్ జామిన్ కడుతుంది. క్షేమంగా తిరిగొచ్చాక ఆ బిళ్ళను ఎవరైనా లేనివాళ్ళకు ఇచ్చేయాలి. బ్యాంకు పరీక్షకు పోయేటప్పుడు కూడా నాకు ఆవిడే కట్టింది. అందుకని ఈసారి కడుతుంటే వింతనిపించలేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏదో చదివింది. తరవాత దువా చదివి ఊదిన నీళ్ళ సీసా చేతిలో పెట్టి "ఫికర్ నక్కో కరో బేటీ" అని, దిగులు పడొద్దంది. ఊదిన నీళ్ళు జబ్బు మనుషులకిస్తారన్న సంగతి ఈ గల్లీలో పుట్టి పెరిగిన నాకు తెలియనిది కాదు. విమానం ఎక్కుతున్నానని భయపడుతోంది కాబోలు పాపం అనుకున్నాను. పైగా నేనే ఆవిడకు ధైర్యం చెప్పాను.

విమానం దిగి, పడవలో ఇంకో చిన్న దీవికి చేరాం. కొబ్బరి చెట్ల మధ్య చెక్క గదులు, నాలుగడుగులు వేస్తే ఇసుక, ఆ తరవాత నీళ్ళు. ఆ నీళ్ళు పుస్తకంలో అచ్చువేసిన నీలంకన్నా బాగున్నాయి. నేను చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె రాలేదు. గదిలోకి పోయి చూద్దునుకదా, మంచం మీద అడ్డంగా పడి నిద్రపోతోంది.

ప్రయాణం బడలిక అనుకున్నాను. మర్నాడూ నిద్రే. టిఫిన్‌కి లేపితే రెండు ముద్దలు తిని మళ్ళీ పడుకుంది. బయట కొబ్బరి చెట్టు కింద ఊయల మంచం కడితే అందులోనూ నిద్రే. చిన్నప్పటినుంచి ఎదురుచూసిన సముద్రం ముందుకొచ్చి కూర్చుంటే ఈ మహాతల్లి దానికి వీపు చూపించి గురక పెడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇంట్ల పంటె సాలదా? ఈడిదాంక ఎందుకొచ్చినవే?" అని అరిచాను. కళ్ళు తెరవకుండానే "ఈడ ఎవ్వరు లేపరు గద" అంది. నీకు సముద్రం ఎందుకే, ఒక చాప చాలు అని విసుక్కుని, నేనొక్కదాన్నే పోయి నీళ్ళలో దిగాను.

ఆ సాయంత్రం ఒడ్డున అమ్మే చేపలవేపుడు కొనుక్కుని, తడి జుట్టుతో నములుతూ వస్తున్నాను. గది అరుగు మీద ఆమె ఫోన్‌లో మాట్లాడుతోంది. గొంతు తగ్గించి, జబ్బుమనిషి పక్కన కూర్చున్నవాళ్ళు మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

"ఇప్పుడే జర గంజి తాగింది అత్తమ్మా. పండుకున్నది. లెవ్వలేకపోతున్నది."

గంజి తాగిందెవరు? ఆ గదిలో ఉన్నది మేమిద్దరమే. ఒకరు ఫోన్‌లో ఉన్నారు. ఇంకొకరు చేప తింటున్నారు. ఆమె నన్ను చూసింది. ముఖం తెల్లబడింది. ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి "జర పండుకోవే, నీ కాల్మొక్త. దుప్పటి కప్పుకో. అత్తమ్మ నీ ముఖం చూస్తదంట" అంది.

ఎందుకు పడుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆ ముఖం అలా ఉంది మరి. చేపను కిటికీలో పెట్టి మెడదాకా దుప్పటి లాక్కున్నాను. ఫోన్‌లో వాళ్ళత్త నుదురూ పైన తిరిగే ఫ్యానూ కనిపించాయి.

"ఎట్లున్నదే బిడ్డా పానం? ముఖం గింత నల్లగైందేంది?" అని ఆమె ఏడుపు అందుకుంది. రెండు పూటలు ఎండలో ఈదితే నల్లబడక ఎర్రబడతానా? "పొద్దుగాల లేవబుద్ధి గాదంట గద. అన్నం ముందల కూసుంటే కడుపు నిండినట్టే ఉంటదంట. ఎవలన్న పిలిస్తే పలకబుద్ధి గాదంట. నా కోడలు అన్నీ చెప్పింది. గర్భసంచి రోగం గట్లనే ఉంటది బిడ్డా. గా డాక్టరు సముద్రం గాలి పట్టమన్నడంటే పంపిన. ఖాలా ఇచ్చిన నీళ్ళు తాగుతున్నవా?"

తాగుతున్నానన్నాను. ఇంకేమనను?

ఫోన్ పెట్టేయగానే అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె చెయ్యి పట్టుకుని ఇసుకలోకి లాక్కుపోయాను, గదిలో అరిస్తే పక్క గదులవాళ్ళకు వినిపిస్తుందని.

"నా గర్భసంచి నీకేం అడ్డమొచ్చిందే? పెండ్లి గానిదాని గర్భసంచి మీద గల్లీల ఎన్ని కథలు అల్లుతరో నీకు తెల్వదా?"

"వేరే దేనికీ పంపరే."

"గుడికి పోతున్నమని చెప్పకపోయినవా?"

"గుడంటే అందరు బయలెల్లుతరు. పెండ్లంటే అందరు బయలెల్లుతరు. రోగమంటేనే ఎవ్వరు రారు."

"అయితే ఆ రోగమేదో నీకే తెచ్చుకోకపోయినవా?"

ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "నాకొస్తే గల్లీ దవాఖానకు తీస్కపోయి సూది ఏపిస్తరు. పొద్దుమీకి పొయ్యి కాడ నిలబెడ్తరు. నాకు రావొద్దు. ఎవలకో రావాలె, నేను చూస్కోవాలె. గట్లయితేనే పంపుతరు."

ఆ మాటకు నా కోపం తగ్గి ఉండాల్సింది. తగ్గలేదు. ఖాలా కన్నీళ్ళు గుర్తుకొచ్చాయి, నేను ఆవిడకు చెప్పిన ధైర్యం గుర్తుకొచ్చింది. అబద్ధమాడేదేదో నాకు చెప్పి ఆడితే నేనూ రెండు దగ్గులు దగ్గేదాన్ని కదా. గల్లీ అందరికీ తెలిసిన నా జబ్బు నాకు తెలియకపోవడం ఏమిటి?

"ఊరికి పోయినంక మీ అత్త ముందల నిలబడి చెప్త. నాకు ఏ రోగం లేదని చెప్త."

"చెప్తే ఇగ నన్ను గడప దాటనియ్యరు."

"దాటకు."

అన్నాను. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. "సరే తియ్" అని గదిలోకి పోయి మళ్ళీ పడుకుంది.

తిరుగు పడవలో భోజనం పొట్లం విప్పి ఆమె ముందు పెట్టాను. అన్నం వైపు చూస్తూ కూర్చుంది. రెండుసార్లు పిలిచాను, పలకలేదు. మూడోసారి పిలవబోతూ ఆగాను. పొద్దున లేవబుద్ధి కాదు. అన్నం ముందు కూర్చుంటే కడుపు నిండినట్టే ఉంటుంది. పిలిస్తే పలకబుద్ధి కాదు. నా జబ్బు లక్షణాలు ఈమెకు ఎక్కడ దొరికాయో అప్పుడు తెలిసింది. అల్లి చెప్పలేదు. ఉన్నవే చెప్పింది. జాలి కలగాల్సిన చోట కూడా నాకు ముందు కోపమే వచ్చింది. ఇవన్నీ నాకు కదా చెప్పుకోవాలి. నా పేరు తగిలించి వాళ్ళత్తకు చెప్పుకుంటుందా? వాళ్ళత్తేమో అవన్నీ విని, నా కోసం ఏడ్చి, కోడల్ని నాకు సేవ చేయమని పంపుతుందా? ఇంట్లో మనిషికున్న రోగం ఇంకొకరి పేరు మీద చెబితే తప్ప చెవికెక్కదా ఆ ఇంటికి? ఈసారి చెప్పి తీరాలనుకున్నాను. నాకు రోగం లేదనడమే కాదు, ఉన్నదెవరికో కూడా చెప్పాలనుకున్నాను.

గల్లీలో అడుగుపెట్టగానే ఆడవాళ్ళు నన్ను చూసి మాటలాపేశారు. ఒకామె నా పెట్టె అందుకుంది. ఖాలా నా చేతి కట్టు విప్పి, బిళ్ళ నా అరచేతిలో పెట్టి ఫకీరుకు ఇచ్చేయమంది. నడుస్తున్నాను, తింటున్నాను, బ్యాంకుకు పోతున్నానంటే, పాపం ఎంత ఓర్పు అని మెచ్చుకుంటున్నారు. నేను కోప్పడితే, రోగం మనిషిని అలా చేస్తుందని సర్దుకుపోతున్నారు. యాభైకి దగ్గరపడ్డాక నా కోపానికి కూడా విలువ లేకుండా పోయింది.

ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలో మంచం మీద వాళ్ళత్త మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది. నా స్నేహితురాలు వంటింట్లో చాయ్ పెడుతోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. ఎందుకొచ్చానో ఆమెకు తెలుసు. ఆమె భర్త కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టాడు. మంచివాడే. నేను ఊరినుంచి వచ్చిన రోజే బత్తాయిలు తెచ్చి ఇచ్చాడు.

"పానం మంచిగైంది గద అక్కా?" అన్నాడు. "ఇగ మల్ల గింత దూరం పోయే పని ఉండదు. ఈమె లేకుంటే ఇంట్ల మస్తు తక్లీఫ్ అయింది. అన్నీ ఆగమాగం. మల్ల ఎప్పుడన్న గిట్లయితే మీ చుట్టాలల్ల ఎవరినన్న పిలిపిచ్చుకోండ్రి. ఏమనుకోకండ్రి అక్కా."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. దారంతా కూడబలుక్కున్న నిజం నా నాలుక చివరే ఉంది. ఆమె ఇంట్లో లేకపోతే అన్నీ ఆగమాగమయ్యాయట. ఎలా ఉన్నావని ఆమెను ఒక్కరైనా అడిగారా? పడవలో తినని అన్నం నాకు కళ్ళముందు కదిలింది.

"తగ్గలె" అన్నాను.

అతను నా వైపు తిరిగాడు.

"ఏం తగ్గలె. డాక్టరు ఏడాదికోపారి పోవాలన్నడు. తప్పిస్తే పానం మీదికొస్తదంట. ఇంకో మాట గూడ చెప్పిండు. తోడు మనిషిని మార్చొద్దంట. మారిస్తే మొదటికొస్తదంట."

నా గొంతు గది దాటి గల్లీలోకి వినిపించి ఉంటుంది. వినిపించనీ. నా గర్భసంచి ఎలాగూ గల్లీ సొత్తయింది. అతను "అట్లనా అక్కా" అని, ఫోన్ వచ్చినట్టు జేబు తడుముకుంటూ బయటికి పోయాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు మళ్ళీ మొదలైంది. చాయ్ ఆమె తేలేదు. గుమ్మం దాకా వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, వెనక్కి పోయింది.

నేను లేవబోతుంటే వాళ్ళత్త నా చీర కొంగు పట్టుకుంది. ఇక్కడికి వస్తూ దారిపొడవునా నేను తిట్టుకున్నది ఈమెనే. ఆవిడ తన నూనె చేతులు నా కొంగుకు అంటుకుంటున్నాయని కూడా చూసుకోలేదు. వీధి గుమ్మం వైపు ఒకసారి చూసి, మెల్లగా అడిగింది.

"గా పిలిస్తే పలకబుద్ధి గాకపోవుడు ఉన్నది సూడు బిడ్డా, గది నాకు గూడ ఉన్నది. మస్తు ఏండ్ల సంది ఉన్నది. గది రోగమని నాకెర్కలే. గా డాక్టరుతోని నా ముచ్చట గూడ ఒకపారి మాట్లాడు."

ఇంకా దగ్గరికి జరిగింది.

"వానికి చెప్పకు."