అమాస నాటి టెన్నిస్ ఫైనల్

మా చిన్నప్పుడు సిరిసిల్లలో అమావాస్య వస్తే మగ్గాలకు సెలవు... ఆ రోజు మా ఇండ్లల్లో ఎవరూ నెయ్యరు. నేస్తే పోగు నిలవదని పెద్దల మాట.

మా బాపు, చిన్నబాపు అన్నదమ్ములు. ఒకే వాకిలి, చెరో చేతిమగ్గం. వాటిని తీసేసి సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు పెడదామన్నాడు చిన్నబాపు. తాత కూర్చున్న మగ్గం తియ్యనన్నాడు బాపు. మాటకు మాట పెరిగింది... ఏడు నెలలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి వాకిట్లో గోడ మొదలైంది.

గోడ నడుము ఎత్తు లేచింది. తెల్లారి మేస్త్రి వచ్చి తల దాటేదాకా లేపాలి.

నేను ఇంటికి పెద్దదాన్ని. చిన్నమ్మ చేతి బువ్వ తిని పెరిగినదాన్ని. రోజూ దీపం పెట్టేటప్పుడు వేములవాడ రాజన్నను ఒకటే అడిగేదాన్ని... ఆ గోడ ఆగాలని.

అది ఆదివారం, అమావాస్య. బాపు మానేరులో స్నానానికి పోయినప్పుడు చిన్నబాపు కరీంనగర్ నుంచి టీవీ తెచ్చాడు. సాయంత్రం ఎక్కడో లండన్‌లో టెన్నిస్ ఫైనల్ అట. ఇద్దరూ పెద్ద ఆటగాళ్లు, ఎప్పుడూ వాళ్లిద్దరికే పోటీ అట. గోడ మీది నుంచి తొంగి చూశాను. ఇద్దరివీ తెల్ల బట్టలే. ఒకడు బంతి కోసం గడ్డి మీద పడేవాడు, ఇంకొకడు నిలబడే కొట్టేవాడు. అందుకని మా రెండిండ్ల పిల్లలు పడేటోడు, నిలవడేటోడు అని పేర్లు పెట్టారు.

నేను దీపం పెట్టడానికి లోపలికి వచ్చేసరికి బాపు మంచంలో నడుము వాల్చి ఉన్నాడు.

టప్... టప్... టప్... టప్... ఆగింది.

బాపు తల ఎత్తాడు. "ఏం చప్పుడే బిడ్డా? మగ్గమా?"

అది టీవీ అని నాకు తెలుసు. దీపం ముందు నిలబడి ఉన్నాను.

"ఏమో బాపు" అన్నాను.

"అమాస నాడు మగ్గమెక్కిండా వీడు? తెగదా మరి పోగు!"

మళ్లీ టప్... టప్... మళ్లీ ఆగింది.

"అగో, మల్ల తెగింది." బాపు లేచి కూర్చున్నాడు. ఇంకో నాలుగుసార్లు ఓర్చుకున్నాడు. ఆ తర్వాత తనలో తానే అన్నాడు. "పోగు అతుకుడు చిన్నప్పటి సంది రాదు వీనికి. నేనే అతికిస్తుంటి."

పంచె ఎగ్గట్టాడు. గోడ దాటాడు. నేను వెనకాలే పోయాను.

"ఎన్నిసార్లు తెగుతదిర? జరుగు, నేనతుకుత!"

అందరూ తిరిగి చూశారు. మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. టీవీలో ఒకడు బంతి ఎగరేస్తున్నాడు. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తెగింది పోగు గాదే అన్నా," చిన్నబాపు మెల్లగా అన్నాడు. "గది బంతి."

బాపు గడపలోనే నిలబడిపోయాడు. వెనక్కి తిరుగుతాడనుకున్నాను...

"అతుకుటానికే అచ్చినవా?" చిన్నబాపు అడిగాడు.

"మరెందుకొస్త?"

చిన్నబాపు జరిగి చోటు ఇచ్చాడు. "కూసో."

బాపు కూర్చున్నాడు. పడేటోడు, నిలవడేటోడు అని పిల్లలు అరుస్తుంటే కాసేపు ఆట చూశాడు. ఆ తర్వాత, "నిలవడేటోడు మంచిగ ఆడుతుండు" అన్నాడు.

"పడేటోడే గెలుస్తడు సూడు."

"ఊకె పడుడేనా ఆటంటే? నీ లెక్కనే ఉన్నడు."

"నువ్వు గా నిలవడేటోని లెక్క. తాత మగ్గం దిగిపోయినా నువ్వు దిగవు."

ఏడు నెలల తర్వాత మొదటి కొట్లాట... చిన్నమ్మ ఇద్దరికీ చాయ్ పెట్టింది.

ఎవరు గెలిచారో నాకు గుర్తు లేదు. ఆట అయ్యాక ఆటగాళ్లిద్దరూ నెట్ దగ్గరికి వచ్చి చేతులు కలుపుకున్నారు. బాపు దాన్ని వింతగా చూశాడు. "అప్పటిదాంక గంత కొట్లాడి... చేతులు కలుపుతుండ్రేందిర?"

"గది వాళ్ల రివాజు."

తెల్లారి మేస్త్రి వచ్చాడు. బాపు గోడ మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. "గింతే సాలు మేస్త్రి. అవతలోనికి చెయ్యందాలె."

గోడ అంతే ఉండిపోయింది. చిన్నబాపు తర్వాత సాంచెలు పెట్టాడు, బాపు చేతిమగ్గమే నేశాడు. గోడ మీది నుంచి కూరగిన్నెలు అటూ ఇటూ పోయేవి.

దీపం ముందు "ఏమో" అన్న ఆ అబద్ధానికి రాజన్నను ఇంతవరకు క్షమాపణ అడగలేదు. అడగాలని కూడా అనిపించదు.

ఇప్పుడు నేను కోరుట్లలో ఉంటున్నాను. మొన్న ఒక టెన్నిస్ ఫైనల్ సెల్‌ఫోన్‌లో చూశాను, చెవుల్లో వైర్లు పెట్టుకొని. బంతి చప్పుడు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. పక్కింట్లో ఏం తెగిందో నాకూ వినపడదు...

మీ చిన్నప్పుడు మీ వాకిట్లో గోడ ఎంత ఎత్తు ఉండేది? చెయ్యి అందేదా?